తొమ్మిదో పాఠానికి జవాబు

“నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయిగా మల్లీ, కాస్త ఇది నింపి పెట్టు,” అంటూ గంగాప్రసాద్ ఓ పల్చటి పుస్తకాన్ని గడప మీద పెట్టి చెప్పులేసుకున్నాడు.

నాగమల్లేశ్వరి పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కొరమీనుకి బూడిద రాసి తోముతోంది. రెండు చేతులూ జిగురు. పక్కన రెండేళ్ళ దీవెన తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

“ఏం పుస్తకమండీ?”

“పోస్టులో చదివే బైబిలు వాక్యం కోర్సు. పన్నెండు పాఠాలు. సర్టిఫికెట్టు వస్తే నన్ను సంఘ పెద్దగా పెడతానన్నారు పాస్టరు గారు.”

“చదవకుండా ఎట్లా నింపుతారు?”

“నింపేది నువ్వేగా! పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఎనిమిదింటికి కొంపకొస్తా. హనుమాన్ జంక్షన్లో ఆ పార్సిలు మూటల మధ్య నాకు వాక్యం ఎక్కుద్దా? సంతకం నేను పెడతాలే.”

లోపలి నుంచి అత్తగారు గంగారత్నం గొంతు వినపడింది. “ఎనిమిదో క్లాసు దాకా వెలగబెట్టింది. ఆ మాత్రం రాయలేదా!”

అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాగమల్లేశ్వరికి పెళ్ళయిన నాలుగేళ్ళలో ఎన్నడూ తెలియలేదు. ఎనిమిదో క్లాసు కూడా పూర్తిగా కాదు. కొల్లేటి పక్క ఊళ్ళో అర్ధసంవత్సరం పరీక్షల్లో సైన్సు రాసి వచ్చిన సాయంత్రం, చేపలు ఎండబెట్టే చోట మనిషి తక్కువైందని తల్లి రేపట్నుంచి బడికి వద్దంది. మర్నాడు సోషలు పరీక్ష. చదివిందంతా తలలోనే ఉండిపోయింది. నదుల పేర్లు, రాజుల పేర్లు. అడిగేవాళ్ళు లేక అవన్నీ ఎటో పోయాయి. పెళ్ళయి గుణదల కాలవకట్ట పక్కన ఈ రెండు గదుల ఇంటికి వచ్చాక, అత్తగారి చేపల దుకాణానికి పొద్దున్నే ఐసు పగలగొట్టి ఇవ్వడం, కుళాయి వచ్చే వేళకి బిందెలు వరసలో పెట్టడం, శనివారం మందిరం ఊడ్చి చాపలు పరవడం, ఇంతే. ఇవన్నీ ఎవరూ పని అనరు. “ఇంట్లోనేగా ఉంటావు” అంటారు.

ఆ మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక పుస్తకం తెరిచింది. ఒక చేయి పిల్ల గుండె మీద ఉంచి, రెండో చేత్తో పెన్ను పట్టింది. అది ఆమెకి అలవాటు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు కింద వేలు పెట్టి చూసుకోకుండా అరగంట గడవదు. “పిచ్చి ముదిరితే రోకలి తలకి చుట్టుకుంటావేమో” అని నవ్వేవాడు గంగాప్రసాద్. ఆమెకి నవ్వు వచ్చేది కాదు.

ఖాళీలు పూరించడం సులువుగానే ఉంది. పాఠంలో వెతికితే దొరుకుతాయి. చివర మాత్రం అరపేజీ తెల్లగా వదిలి, పైన ఒక్క వాక్యం అచ్చు వేశారు: ఈ పాఠాన్ని మీ ఇంటికి, మీ పనికి, మీ ఊరి అలవాట్లకు అన్వయించి రాయండి. ఆ అరపేజీ చూసి ఆమెకి చెమట పట్టింది. వెతకడానికి జవాబు ఎక్కడా లేదు. తన ఇంట్లో, తన పనిలో వెతకాలి. తన ఇంట్లో ఏముంటుంది? మొదటి రెండు పాఠాలకీ పాస్టరు గారు ప్రార్థనలో వాడే పెద్ద మాటలు నాలుగు తెచ్చి అక్కడ పేర్చింది. మైలవరం నుంచి కాగితాలు దిద్ది పంపే సుధామణి గారనే రిటైరైన టీచరమ్మ ఎర్రసిరాతో వాటి కింద, “ఇవి మీ మాటలు కావు. మీ ఇల్లు నాకు కనపడలేదు” అని రాసింది.

మూడో పాఠం దేవుడు మనిషిగా పుట్టడం గురించి. ఆ రోజు దీవెనకి స్నానం చేయిస్తూ ఉంది నాగమల్లేశ్వరి. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టి, సబ్బు కళ్ళలో పడకుండా నుదుటికి చేయి అడ్డం పెట్టి నీళ్ళు పోస్తుంటే, నెలల పిల్లగా ఉన్నప్పుడు మెడ నిలవక తల ఎటు వాలిపోతుందోనని వణికిన రోజులు గుర్తొచ్చాయి. చెంబు చేతిలోనే ఉండిపోయింది. అయితే ఆయనకీ మెడ నిలవని నెలలున్నాయి కదా! తల తుడవకుండానే పిల్లని చంకనేసుకుని వచ్చి రాసింది. “సముద్రాలు చేసినవాడికి ఒక ఆడమనిషి చెంబుతో నీళ్ళు పోసింది. లోకాన్ని మోసేవాడి తలని ఆమె అరచేయి మోసింది. ఆమె చేయి తీస్తే ఆ తల వాలిపోయేది. దేవుడు అంత నమ్మాడు ఆమెని.” రాసిన దాన్ని చదువుకుంటే ఒళ్ళు జలదరించింది. ఇది ఎవరు చెప్పారు తనకి? ఎవరూ చెప్పలేదు. చేపల వాసన పోని తన చేతినే తిప్పి తిప్పి చూసుకుంది. రోజూ ఇంటిల్లిపాదీ చూస్తూ కూడా చూడని చేయి అది.

మైలవరం నుంచి తిరిగొచ్చిన కాగితం మీద ఎర్రసిరా వణికినట్టుంది. “నలభై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. నాకు తట్టలేదు. ఇంకా రాయండి.”

“పదికెన్ని?” అన్నాడు గంగాప్రసాద్ అన్నం తింటూ.

“తొమ్మిదిన్నర.”

“చూశావా అమ్మా, నీ కొడుకు బుర్ర!” అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. కొట్టడు, తాగడు. తన పేరుతో వచ్చింది తనదే అనుకోవడం అతనికి ఊపిరి తీసుకోవడంలాంటిది, అంతే. ఆదివారం మందిరంలో పోతురాజు అనే తోటి విద్యార్థి “నీకు తొమ్మిదిన్నర ఎట్టా వచ్చింది బావా?” అంటే, “ప్రార్థనలో ఉండాలి పోతురాజూ,” అన్నాడు. చాపల మీద ఆడవాళ్ళ వరసలో కూర్చున్న నాగమల్లేశ్వరి తల దించుకుంది. ఉక్రోషం రాలేదు ఆమెకి. తను రాసింది ఒక మనిషి చదువుతోంది. మైలవరంలో. అది చాలనిపించేది. పాత్రలు తోముతున్నా, ఐసు పగలగొడుతున్నా, రాయాల్సిన అరపేజీ తలలో తిరుగుతూ ఉండేది. చిన్న పనీ పెద్ద పనీ అన్నీ ఒక్కసారిగా వెనక వెలుగు పెట్టినట్టు కనపడేవి.

నవంబరులో ఆ వెలుగు ఆరిపోయింది.

నెలకోసారి మందిరంలో రొట్టె విరిచి అందరూ పంచుకునే ప్రభువు భోజనాన్ని వాళ్ళు బల్ల అంటారు. ఆ రొట్టె చేసే భాగ్యం గంగారత్నానిది. మోకాళ్ళ నొప్పులొచ్చాక కోడలికి అప్పగించింది. మైదాపిండి ఉప్పు లేకుండా కలిపి, మందంగా ఒత్తి, పెనం మీద కాల్చి, తెల్లటి అల్లిక గుడ్డ కప్పి ఇవ్వాలి. దానికో కట్టుబాటుంది. బయట చేరితే పిండి తాకకూడదు. పక్కింటి సుబ్బరత్నానికి చెప్పాలి. ఆదివారం బల్ల తీసుకోకూడదు. వెనక గుమ్మం దగ్గర కూర్చోవాలి. ఏ వాక్యంలో ఉందో ఎవరూ అడగలేదు. బాప్తిస్మం తీసుకున్న రోజున గంగారత్నం తాయెత్తులు తెంపి కాలవలో పారేసింది గానీ, ఇది మాత్రం ఆవిడతో పాటే మందిరంలోకి నడిచి వచ్చింది.

నవంబరు మొదటి శనివారం తెల్లారేసరికి నాగమల్లేశ్వరి బయట చేరింది. సుబ్బరత్నం ఊళ్ళో లేదు. అత్తగారికి చెబితే మళ్ళీ రభస. ఆ రోజు ఇంట్లో పని కొండంత. చెప్పకుండా రొట్టె చేసేసింది. ఆదివారం అందరితో పాటు తీసుకుంది. సోమవారం సాయంత్రం దీవెనకి జ్వరం వచ్చి కళ్ళు పైకి పోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి వెంట నురగ. ఆ రెండు నిమిషాల్లో నాగమల్లేశ్వరి ఎన్నిసార్లు చచ్చిందో లెక్క లేదు. పిల్లల డాక్టరు మందు వేసి, “జ్వరం పెరిగితే కొంతమంది పిల్లలకి ఇట్లా వస్తుందమ్మా. ఐదేళ్ళు దాటితే పోతుంది. భయపడకు,” అన్నాడు.

ఇంటికొచ్చాక దండెం మీద ఆరేసిన గుడ్డలు చూసి గంగారత్నం వేళ్ళు మడిచి రోజులు లెక్క చూసుకుంది.

“ఏమే, శనివారం రొట్టె ఎవరు చేశారు?”

నాగమల్లేశ్వరి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

“నువ్వు చేసిన పాపం పిల్లకి కొట్టింది.” అరవలేదు ఆవిడ. మెల్లగా, భయంతో అంది. అందుకే అది అంత లోతుగా దిగింది. “ఎవరికీ చెప్పమాక. ఇంకెప్పుడూ చేయమాక.”

డాక్టరు మాట చెవి పైనే ఉండిపోయింది. అత్తగారి మాట ఒంట్లోకి పోయింది. పిల్ల దగ్గితే నేనే. పిల్ల పడితే నేనే. పడుకున్న పిల్ల గుండె మీద చేయి వేయబోయి, తన చేయి తగిలితే ఏమవుతుందోనని వెనక్కి తీసుకునేది. చదువూ లేదు, రాతా లేదు. మూడు వారాలు పుస్తకం అలమరలో ఉండిపోయింది. “ఏంటి మల్లీ, తొమ్మిదో పాఠం పంపలేదంట. టైము దాటిపోద్ది,” అని గంగాప్రసాద్ విసుక్కుంటే గానీ మళ్ళీ తెరవలేదు.

తెరిస్తే పన్నెండేళ్ళుగా రక్తం పోతున్న స్త్రీ కథ.

వెంటనే మూసేసింది. తన కోసమే కాచుకుని కూర్చున్నట్టుంది ఆ పాఠం. మర్నాడు మళ్ళీ తెరిచింది. ఇన్నేళ్ళూ మందిరంలో విన్న కథే. పాస్టరు గారు ఎప్పుడు చెప్పినా “చూశారా ఆమె విశ్వాసం” అని ముగించేవారు. ఇప్పుడు ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి, ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అని చదివింది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది. ఇంకోసారి చదివింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివింది. లేదు. అక్కడ లేదు. అప్పుడు పెన్ను తీసింది. అరపేజీ సరిపోలేదు. నోటుబుక్కులోంచి కాగితాలు చింపి జత చేసింది. ఎవరి పేరుతో రాస్తోందో, ఎవరు సంతకం పెడతారో ఆ రోజు ఆమెకి గుర్తు లేదు. మైలవరంలో ఉన్న ఆ ఒక్క మనిషికి చెప్పుకుంటోంది, అంతే. గంగాప్రసాద్ ఎప్పటిలాగే చివరి పేజీ తిప్పి సంతకం పెట్టి పోస్టు చేశాడు.

ఈసారి కాగితం తిరిగి రాలేదు. పన్నెండు పాఠాలూ అయ్యాయి గానీ తొమ్మిదోది మాత్రం రాలేదు. కోపం వచ్చిందేమో టీచరమ్మకి అని నాగమల్లేశ్వరికి తిండి సయించలేదు.

ఫిబ్రవరిలో కొండ మీద మేరీమాత తిరునాళ్ళు ముగిసిన తర్వాతి ఆదివారం సర్టిఫికెట్లు ఇవ్వడానికి సుధామణి గారు స్వయంగా వచ్చింది. బక్కపల్చటి మనిషి. తెల్లచీర, మందపాటి కళ్ళద్దాలు. కోర్సు చేసిన ఐదుగురూ మగవాళ్ళే. ఒక్కొక్కరూ ఆవిడ ఎంచి ఇచ్చిన జవాబు సంఘం ముందు చదవాలి, అది ఆ కోర్సు పద్ధతి. పోతురాజు తడబడుతూ చదివి చెమట తుడుచుకుని కూర్చున్నాడు. గంగాప్రసాద్ ఇస్త్రీ చొక్కా సర్దుకుని లేచాడు. ఆవిడ సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. భార్య రాసినవాటిని ఇన్ని నెలల్లో ఒక్కసారీ చదవని అతను, పై కాగితం కేసి చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“ఈ వాక్యంలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె రక్తం పోతున్న స్త్రీ. రెండో ఆమె గురించి ఎవరూ చెప్పరు. చావుబతుకుల్లో ఉన్న పిల్ల తల్లి. తండ్రి ప్రభువు కోసం పరుగెత్తాడు. తల్లి పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ గుమ్మం వైపు చూస్తూ ఉంది.”

నాగమల్లేశ్వరి చప్పున తలెత్తింది. తొమ్మిదో పాఠం. ఆపమని అరవాలనిపించింది.

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో “ఆమెన్” అన్నారు. గంగాప్రసాద్ గొంతు ఇంకాస్త పెంచాడు. “మా అలవాట్లకు అన్వయించమన్నారు గనుక రాస్తున్నాను. మా ఇంట్లో బయట చేరినవాళ్ళు బల్ల రొట్టె చేయకూడదు. నవంబరు మొదటి శనివారం నేను బయట చేరి కూడా ఎవరికీ చెప్పకుండా…”

ఆగాడు. కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పోతురాజు “ఏంటి బావా!” అన్నాడు పైకే. నవ్వు చాపల మీదుగా పాకబోయి, ఆడవాళ్ళ వరసలో గంగారత్నం మొహం చూసి ఆగిపోయింది.

పాస్టరు గారు లేచారు. “ఉదాహరణకి రాశాడమ్మా. తర్వాతి వాళ్ళని పిలుద్దాం.”

“ఉదాహరణ కాదండీ,” అంది సుధామణి గారు నెమ్మదిగా. “మూడో పాఠం నుంచీ నాకు తెలుసు. ఇది ఎవరు రాశారు?”

గంగాప్రసాద్ కాగితాల నుంచి తలెత్తి ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చిన్నపిల్లాడిలా దారి తప్పిన చూపు. కూర్చుని ఉంటే సరిపోతుంది, అనుకుంది నాగమల్లేశ్వరి. పాస్టరు గారు ఎలాగో సర్దేస్తారు. ఇంటికి వెళ్ళాక నాలుగు మాటలు పడితే పోతుంది. మళ్ళీ రేపటి నుంచి ఐసు, బిందెలు, ఆ భయం. ఆ భయం అలాగే ఉంటుంది. లోపల ఎవరో మళ్ళీ అడిగినట్టయింది, ఎవరు అని. తిట్టడానికి కాదు. ఎవరన్నా లేస్తారేమోనని ఎదురుచూస్తూ.

ఆమె దీవెనని అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టింది. లేచింది. మగవాళ్ళ చాపలకీ ఆడవాళ్ళ చాపలకీ మధ్య ఉన్న దారిలో, ఊడ్చేటప్పుడు తప్ప ఎప్పుడూ నడవని ఆ నడిమి దారిలో నడిచి ముందుకు వెళ్ళి, భర్త చేతిలోంచి కాగితాలు తీసుకుంది. “కూర్చోండి,” అంది మెల్లగా. అతను కూర్చున్నాడు.

“నవంబరు మొదటి శనివారం నేను బయట చేరి కూడా ఎవరికీ చెప్పకుండా రొట్టె చేశాను. సోమవారం నా పాపకి ఫిట్స్ వచ్చాయి. నా వల్లే వచ్చాయని నమ్మాను. అందుకే ఈ పాఠం చదవడానికి భయమేసింది. ప్రభువు ఆ పిల్ల ఇంటికి పోతుంటే దారిలో రక్తం పోతున్న ఆమె వెనక నుంచి వచ్చి ఆయన అంగీ అంచు తాకింది. వెంటనే బాగైపోయింది. పిల్ల చావుబతుకుల్లో ఉంటే ఆయన ఆగి, ఎవరు తాకారని అడగడం ఎందుకు? ఆ తల్లి తరఫున నాకు కోపం వచ్చింది. చాలాసేపు ఆలోచించాను. ఆమె ఒళ్ళు బాగైంది గానీ భయం బాగవలేదు. అట్లాగే ఇంటికి పోతే, ఆ పిల్లకి ఏమైనా అయితే నా వల్లే అయిందని జీవితాంతం అనుకుంటుంది. అందుకని అందరి ముందూ ఆమెతో మాట్లాడించి, బిడ్డా అని పిలిచాడు.”

తర్వాతి కాగితం పైకి తీసుకుంది.

“ఆ తర్వాత నేరుగా పిల్ల ఇంటికి వెళ్ళాడు. పిల్ల చనిపోయిందన్నారు. లోపలికి వెళ్ళి చేయి పట్టుకుని లేపాడు. నేను మూడుసార్లు వెతికాను. మధ్యలో ఆయన స్నానం చేసినట్టు లేదు. చేతులు కడుక్కున్నట్టు కూడా లేదు. ఆమె తాకిన మనిషి అట్లాగే వెళ్ళి పిల్లని తాకాడు. ఆమె వల్ల కీడు తగిలేదే అయితే ఆ పిల్ల లేవకూడదు. లేచింది. లేవగానే అన్నం పెట్టమన్నాడు. ఆ అన్నం తల్లే పెట్టి ఉంటుంది. ఆ రోజు ఆ తల్లి బయట చేరి ఉందో లేదో ఆయన అడగలేదు.”

కాగితాలు మడిచింది. ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక గుమ్మం దగ్గర నుంచి మణెమ్మ అనే ముసలావిడ గట్టిగా అడిగింది.

“పాస్టరు గారూ, నిజమేనా? తానం చేయలేదా ఆయన?”

పాస్టరు గారు పేజీలు తిప్పారు. ముందుకి, వెనక్కి. మళ్ళీ ముందుకి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“రాసి… లేదమ్మా.”

సుధామణి గారు గంగాప్రసాద్ పేరున్న సర్టిఫికెట్టు సంచిలో పెట్టేసుకుంది. “ఇది మార్చి పంపుతాను. రెండో కోర్సు పుస్తకాలు ఎవరి పేరు మీద పంపమంటావమ్మా?” అంది.

“నాగమల్లేశ్వరి అని రాయండి,” అంది నాగమల్లేశ్వరి. ఎవరినీ అడగకుండానే.

ఇంటికి నడుస్తున్నారు. గంగాప్రసాద్ పది అడుగులు ముందు. వెనక అత్తాకోడళ్ళు. పిల్ల ఇంకా గంగారత్నం చంకలోనే ఉంది. ఎండ చురుక్కుమంటోంది. కాలవ వంతెన దగ్గర ఆవిడ నిలబడిపోయింది. తిట్ల వర్షం కురుస్తుందని నాగమల్లేశ్వరి భుజాలు బిగించుకుంది.

“మీ మామ చనిపోయిన వారం నేను బయటున్నా,” అంది గంగారత్నం నీళ్ళకేసి చూస్తూ. “ఆదివారం బల్ల ఇచ్చారు. నేను చెప్పుల దగ్గర కూర్చున్నా. ఆ రోజు నాకు ఎంత కావాల్సొచ్చిందో… లోపల అందరూ నోట్లో పెట్టుకుంటున్నారు. గుమ్మం ఇవతల నుంచి చూశా.” పిల్లని ఇంకా దగ్గరికి హత్తుకుంది. “ప్రభువు స్నానం చేయలేదంటే… నన్ను ఎందుకు బయట కూర్చోబెట్టారే?”

ఏ పాఠంలోనూ లేదు ఆ జవాబు. నాగమల్లేశ్వరి అత్తగారి చేయి పట్టుకుంది. చేపల దుకాణంలో ముప్ఫై ఏళ్ళు నాని పగిలిన చేయి.

ముందు నడుస్తున్న గంగాప్రసాద్ ఆగి వెనక్కి తిరిగాడు. “రండి! పిల్లకి ఆకలేస్తది. వంటెప్పుడు?”

“దాన్ని మీరు తీసుకెళ్ళండి,” అంది నాగమల్లేశ్వరి, అత్తగారి చంకలోంచి పిల్లని తీసి అందిస్తూ. “బియ్యం డబ్బాలో ఉన్నాయి. కడిగి పొయ్యి మీద పెట్టండి. మేం వస్తాం.”

అతను ఇద్దరి మొహాలూ చూశాడు. పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

నాగమల్లేశ్వరి వంతెన గోడ మీద దుమ్ము కొంగుతో తుడిచి అత్తగారిని కూర్చోబెట్టింది. తను పక్కన కూర్చుంది.

“చెప్పండత్తయ్యా,” అంది. “మొదట్నుంచీ చెప్పండి.”